వాగులో పోసిన ఆకు

ఈమధ్య పిడుగు పడబోయే ముందు ఫోన్లు అరుస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం తోటలో కోత జరుగుతుండగా నా ఫోనూ, కోత ముఠా వాళ్ళ ఫోన్లూ ఒక్కసారే కూత పెట్టాయి. మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద ఉండవద్దు అని మెసేజీ. మామిడితోటలో చెట్ల కింద కాకపోతే ఇంకెక్కడ ఉంటారు మనుషులు? కాయలు దించే చిక్కాలూ గంపలూ అక్కడే పడేసి అందరం మోటారు షెడ్డులో ఇరుక్కుని కూర్చున్నాం. ఉరిమింది, మెరిసింది, కాసేపు ఊరించింది. నేల తడిసేంత వాన కూడా పడలేదు. బయటికొచ్చి చూస్తే కొండ నడుమున సన్నగా పొగ లేస్తోంది.

"పదండి, వాగు శుభ్రం చేద్దాం" అన్నాను.

ముఠా మేస్త్రికి నా సంగతి తెలుసు. ప్రతి వేసవిలో, తోట వార ఎండిపోయి ఉన్న వాగులో ఆకూ అలమూ ఏరించి, దూరంగా ఉన్న ఎరువు గోతిలో పోయిస్తాను. ఒకసారితో సరిపెట్టను, పదిహేను రోజులకోసారి. ముసలామెకు చాదస్తం అని వెనకాల అనుకుంటారు. అనుకోనీ. మోకాళ్ళు అరిగాయి గానీ ఆ చాదస్తం అరగలేదు.

నిన్న ముఠాలో ఒకతను ఆకును గంపకెత్తకుండా కాలితో పక్కకి తోస్తుంటే మేస్త్రి కసిరాడు.

"ఏంట్రా, కాపలావాడి ఆకు చేస్తున్నావు? ఎత్తి గోతిలో పొయ్యి!"

అందరూ నవ్వారు. ఆ మాట మా చుట్టుపక్కల ఊళ్ళలో అందరి నోళ్ళలోనూ ఉంది. అప్పజెప్పిన పని నిర్లక్ష్యంగా చేసి పదిమందికీ నష్టం తెచ్చిపెడితే, కాపలావాడి ఆకు చేశాడంటారు. పాలు పొంగబెట్టిన కోడల్నీ అంటారు, మోటారు కాల్చేసిన మెకానిక్కునీ అంటారు. యాభై ఏళ్ళ పైనుంచి వింటున్నాను. విన్న ప్రతిసారీ పక్కకి తిరిగి చూపు దించుకోవడమే నాకు తెలిసిన విద్య. ఆ విద్య ప్రదర్శించీ ప్రదర్శించీ విసుగొచ్చింది. ఆ ఆకు సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. బడి మూయగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని వచ్చి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, అమ్మమ్మగారింట్లో దింపేసి, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో వేసవి అంటే వాసనే. నడవా నిండా వరిగడ్డి పరిచి పళ్ళు మాగేసేవాళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలో నిలబడి ముందు గాలి పీల్చుకుని, ఆ తర్వాతే కుశలమడిగేవారు. పొద్దున్నే చద్దన్నంలో గడ్డపెరుగు వేసుకుని, పైన చిన్నరసం పిండుకుని తినేదాన్ని. రసం మోచేతి దాకా కారేది. అది నాలుకతో అందుకోబోతే అమ్మమ్మ విసనకర్రతో ఒక్కటి వేసేది. పెరట్లో చాపల మీద తాండ్ర ఆరబెట్టి, కాకుల్ని తోలమని నన్ను కూర్చోబెట్టేది. కాకులు తిన్నదాని కంటే నేను తిన్నదే ఎక్కువ. చాప అంచులు బోసిగా కనబడుతుంటే, "ఈ ఏడు కాకులకి పళ్ళు మొలిచాయే" అనేది అమ్మమ్మ.

తోటంతా తాతయ్యది. ఆ రోజుల్లో దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఒక ముసలి జంట. తోటలోనే తాటాకు పాక వేసుకుని ఉండేవారు. ఆయన్ని నేను కాపలా తాత అనేదాన్ని, ఆమెను మామ్మ అనేదాన్ని. కాపలా తాత చెట్టు మొదట్లో నిలబడి పైకి చూడకుండానే, ఏ కొమ్మన కాయ ముదిరిందో వాసనతో చెప్పేవాడు. మామ్మ నాకోసం పాకలో ఉప్పూకారం కలిపి చిన్న చిప్పలో దాచి ఉంచేది. రాలిన పచ్చికాయ కోసుకుని, ఆమె పక్కన కూర్చుని, కళ్ళ నీళ్ళు కారేదాకా తినేదాన్ని. జీడి అంటుకుని మూతి పక్కన పుండ్లు పడేవి. ఆ పుండ్లు చూసి మా అమ్మమ్మ ఆమెను తిట్టేది, ఆమె నవ్వేది.

ఆ ఏడు ఎండలు మామూలుగా లేవు. పూత నాడు తేమ లేదు, పిందె నాడు వాన లేదు. బావిలో బొక్కెన అడుగున చప్పుడు చేసేది. కాయ నిమ్మకాయంతకు వచ్చి అక్కడే ఆగిపోయిందని పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని ఒకటే దిగులు.

"కాయ చిన్నదైతే తీపెక్కువ" అనేవారు తాతయ్య.

"షావుకారు నాలిక పెట్టి కొంటాడా, కళ్ళు పెట్టి కొంటాడా?" అనేది అమ్మమ్మ లోపలినుంచి.

కాయ చెట్టు మీద ఉండగానే తోటను నూజివీడు షావుకారుకు గుత్తకివ్వడం అలవాటు. కోతకు ముందు ఆయన మరోసారి వచ్చి చూసి ధర ఖాయం చేస్తాడు. వచ్చే ముందు రోజు తోట నేలంతా ఊడ్పించాలి. ఇది తాతయ్య పట్టింపు. రాలిన పిందెలూ ఎండాకూ కంటబడితే షావుకారు మొహం మారిపోతుందని ఆయన నమ్మకం. "పెళ్ళిచూపులకి ఇల్లు అలకమా? ఇదీ అంతే" అనేవారు. ఊడ్చిన ఆకంతా, తోటకు ఆ చివర బావి దగ్గరున్న ఎరువు గోతికి మొయ్యాలి. మొయ్యడానికి మనుషులు తక్కువై, నేను కూడా వస్తానని ఎగిరాను. తాతయ్య మురిసిపోయి నాకొక గోనెపట్టా ఇప్పించారు. వాగు వైపు వరస నాకు అప్పగించారు.

"అమ్మాయిగారూ, గోతిలోనే పొయ్యాలి. దూరమని వాగులో పోసేరు" అని కాపలా తాత ముందే చెప్పాడు.

నాలుగు గోనెలు గోతి దాకా ఈడ్చాను. కాళ్ళు కాలిపోయాయి. ఐదోది వాగులో పోశాను. వాగు అక్కడ సన్నగా ఉంటుంది, పది అడుగులు ఉంటుందేమో. పోసిన ఆకు మీదకు గట్టు మీద నుంచి దూకి చూశాను. పరుపు మీద పడ్డట్టు ఉంది. ఇంక ఆ రోజంతా అదే పని. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆకు నింపాను, దూకాను, మళ్ళీ నింపాను. ఆ వరసలోని ఆకంతా వాగులోకే పోయింది. సాయంత్రం తాతయ్య వచ్చి, శుభ్రంగా ఉన్న నేల చూసి, "మా మనవరాలికి ఉన్న బుద్ధి మీకెవరికీ లేదురా" అని అందరి ముందూ నా వీపు తట్టారు. ఆ తట్టు ఇప్పటికీ నా వీపు మీదే ఉంది.

మర్నాడు షావుకారు వచ్చాడు. ఆయనకు అరుగు మీద మజ్జిగ ఇస్తుండగా ఉరిమింది. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. అమ్మమ్మ అర్జునా ఫల్గుణా అనుకుంటూనే, ఆరబెట్టిన తాండ్ర లోపలికి తెమ్మని నన్ను కేకేసింది. ఒకటే మెరుపులు. కొండ మీద ఫెళ్ళుమని రెండుసార్లు వినబడింది. వాన మాత్రం రాలేదు. మబ్బు వచ్చిన దారినే పోయింది. సాయంత్రానికి కొండ నెత్తి మీద పొగ కనబడింది.

కొండ మంట మాకు కొత్త కాదు. ఏటా శివరాత్రి వెళ్ళగానే మేకలవాళ్ళు కొత్త గడ్డి మొలవాలని ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు. అది కిందికి పాకి వచ్చి, వాగులో ఇసుక తగలగానే ఆరిపోయేది. "మంట వాగు దాకా వస్తుంది, దణ్ణం పెట్టి పోతుంది" అనేవారు తాతయ్య. ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు. చీకటి పడే వేళకు పిల్లలందరం అరుగెక్కి చూసేవాళ్ళం. కొండకు ఎర్రంచు చీర కట్టినట్టు ఉండేది. అంచు రోజూ కాస్త కిందికి దిగేది.

కాపలా తాత ఒక్కడే కుదురుగా లేడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"ఇది మేకలోళ్ళ మంట కాదండీ. వాళ్ళు గాలి చూసుకుని పెడతారు, గడ్డిలో ఇంకా పచ్చి ఉండగా పెడతారు. ఇది పిడుగు మంట. దీనికి అదుపు లేదు. నలుగురు మనుషుల్ని ఇస్తే వాగు ఒకసారి చూసుకుంటానండీ."

షావుకారు మా ఇంట్లోనే దిగి ఉన్నాడు. బేరం ఇంకా తెగలేదు. "వాగుకేం, అది ఎప్పుడూ ఉండేదేగా. రేపు చూద్దాంలే పో" అన్నారు తాతయ్య. నేను స్తంభం పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాను. వాగు అన్న మాట వినబడింది. నా ఆకు పరుపు కళ్ళ ముందు కదిలింది కూడా. ఇప్పుడు చెబితే తిడతారు, రేపు చెబుదాంలే అనుకున్నాను. తాతకు తగ్గ మనవరాలిని.

ఆ మధ్యాహ్నం వడగాలి లేచింది. కాసేపటికే తోట అంటుకుందని కేకలు. మేము వెళ్ళేసరికి ఊరు ఊరంతా తోటలో ఉంది. మంట వాగు పొడవునా అవతలి గట్టు మీదే ఆగి ఉంది, ఇసుక దగ్గర. ఒక్కచోట మాత్రం ఇవతలికి వచ్చేసింది. అది ఎక్కడో నేను చూడకుండానే చెప్పగలను. ఇంత వెడల్పున, గట్టు నుంచి గట్టుకు, నల్లటి దారి. ఆ దారి మీదుగా వచ్చి వాగు వార వరసంతా పట్టుకుంది. అవి తాతయ్య తండ్రి స్వహస్తాలతో నాటిన పెద్దరసం చెట్లు, పదమూడు. పచ్చిచెట్టు కాలేటప్పుడు వచ్చే చప్పుడు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. బావిలో నీళ్ళు లేవు. మనుషులు పచ్చి కొమ్మలు విరిచి మంటను కొడుతున్నారు. కాపలా తాత అందరికంటే ముందున్నాడు. మామ్మ పాకలోని కుండలో తాగేనీళ్ళు తెచ్చి అతని నెత్తిన కుమ్మరించి, మళ్ళీ పరిగెత్తింది. గాలి తిరిగింది కాబట్టి మిగతా తోట దక్కింది. పొద్దు వాలే వేళకు ఆ వరస మాత్రం బొగ్గు అయి నిలబడింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కాలిన చెట్ల కింద కాయలు వెచ్చగా రాలి పడి ఉన్నాయి. ఒకటి తీసుకుని తిన్నాను. పొగ వాసన వేస్తూ, లోపల మెత్తగా ఉడికి, తియ్యగా ఉంది. సిగ్గులేకుండా రెండోది కూడా తిన్నాను.

అంతలో తాతయ్య వాగు దగ్గర నుంచి ఆ నల్లదారి చూసుకుంటూ వచ్చారు. ఆయన గొంతు అంత పెద్దగా ఉండగలదని నాకు తెలియదు.

"వాగులో ఆకు పోసిందెవర్రా?"

ఊరంతా ఉంది. షావుకారు ఉన్నాడు. నేను అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఉన్నాను, మూతికి బూడిద. కాపలా తాత చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కి ఉన్నాయి. అతను తలెత్తి నా వైపు చూశాడు. ఒక్కసారే. ఆ చూపులో కోపం లేదు, అందుకే మరిచిపోలేకపోతున్నాను.

"నేను చూసుకోవాల్సిందండీ" అన్నాడు.

పోశానని అనలేదు. చూసుకోవాల్సింది అన్నాడు. ఆ తేడా అక్కడున్న ఒక్కరికీ పట్టలేదు.

"గోతిలో పొయ్యమంటే ఒళ్ళు బరువైందా? తిన్నింటికి నిప్పు పెట్టావు కదరా! పో. రేపట్నుంచి ఈ తోటలో నీ కాలు కనబడకూడదు."

మామ్మ నోరు తెరవబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అమ్మమ్మ బొబ్బలకు రాయమని సున్నపుతేటలో కొబ్బరినూనె గిలకొట్టి పాలేరుచేత పాకకు పంపింది. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి పాక ఖాళీ. గిన్నె నూనెతోనే ఉంది, ముట్టుకోలేదు. ఉప్పూకారం చిప్ప మాత్రం ఎప్పటిలా చూరులో నాకోసం ఉంది.

పదిరోజులకు వాన పడింది. ఆ వానకు ఊళ్ళో మాట మొలిచింది. ముందు మా తోట గురించే అనేవారు, కాపలావాడు ఆకు పోశాడట, తోట తగలబెట్టాడట అని. తర్వాత ఏ పని చెడినా అనడం మొదలుపెట్టారు. అతన్ని ఎరగనివాళ్ళు కూడా అన్నారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నేను నిలకడగానే ఉన్నాను, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ వేసవి తర్వాత తాతయ్య నాకు తోటలో ఏ పనీ చెప్పలేదు. నేను వెంట వస్తానన్నా, ఎండగా ఉంది ఇంట్లో ఉండమనేవారు. ముద్దు అనుకున్నాను.

పెళ్ళై, పిల్లలు పుట్టాక, ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డాను. లారీల పక్కన ఒక ముసలామె గంపలో తాటిముంజలు పెట్టుకుని అమ్ముతోంది. ముంజ ఒలిచే వేళ్ళు చూసి గుర్తుపట్టాను. ఆమె నా మూతి చూసి గుర్తుపట్టింది, చిన్నప్పటి జీడి మచ్చ ఇంకా ఉంది. కాపలా తాత పోయి మూడేళ్ళయిందని చెప్పింది. చేతులు పూర్తిగా ఎప్పుడూ మానలేదట, వేళ్ళు ముడుచుకుపోయాయట. నేను రోడ్డు పక్కన, ఆమె గంప ముందు గొంతుక్కూర్చుని, అన్నేళ్ళుగా మోస్తున్నది దించుకున్నాను.

"మామ్మా, ఆ ఆకు పోసింది నేను."

ఆమె ముంజ ఒలవడం ఆపలేదు.

"తెలుసులే తల్లీ. నువ్వు దూకుతుంటే పాకలోంచి నేను చూస్తానే ఉన్నా. మా ఆయనకి ఆ రోజే చెప్పా. రేపు నేనే ఎత్తిపోస్తాలే, ఆడుకోనీ అన్నాడు. రేపటికి షావుకారు వచ్చాడు, ఇంక తీరిక ఏది?"

"మరి తాతయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయనకీ తెలిసింది. నీ గోనెపట్టా వాగు గట్టున సగం కాలి దొరికిందంట. మూడోనాడు మమ్మల్ని వెతుక్కుంటా బాపులపాడు వచ్చారు, మా చెల్లెలింటికి. తప్పయింది, తోటకి రండి అన్నారు."

"మరి ఎందుకు రాలేదు?" అన్నాను.

ఆమె అప్పుడు తలెత్తింది. "మా ఆయన ఒకటే అన్నాడమ్మా. పదిమందిలో పొమ్మన్నారు, ఆ పదిమందిలోనే రమ్మనండి, వస్తాను అన్నాడు. మీ తాతగారు అట్నుంచి అటే వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు."

బస్సు వచ్చింది. ఆమె నాలుగు ముంజలు తాటాకులో చుట్టి చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. బస్సులో కూర్చున్నాక అర్థమైంది, నేను కూడా తాతయ్య చేసినట్టే చేశాను. ఎవరూ వినని చోట చెప్పి, బరువు దించుకున్నానని సంబరపడ్డాను. ఆ తర్వాత ఆమె నాకు మళ్ళీ కనబడలేదు.

అమ్మకు పసుపు కుంకుమల కింద వచ్చింది ఈ వాగు వైపు ముక్క. కాలిన మూల కాబట్టి మామయ్యలెవరూ కాదనలేదు. అమ్మ తర్వాత నాదైంది. ఏటా వాగు ఊడ్పిస్తున్నాను. ఊడిస్తే సరిపోతుందని అనుకున్నానేమో. ఎంత ఊడ్చినా మళ్ళీ రాలుతుంది, అది ఆకు కదా.

నిన్న మేస్త్రి ఆ మాట అని, అందరూ నవ్వినప్పుడు, చూపు దించుకోవడానికి ఓపిక లేకపోయింది. "ఆగండి" అన్నాను. గంపలు దింపి నిలబడ్డారు. లెక్కపెట్టలేదు గానీ, పదిమంది ఉన్నారు. కొండ మీద పొగ చూపించి, ఈ గట్టు చూపించి, మొత్తం చెప్పాను. ఆకు పోసింది నేను, దూకి ఆడుకుంది నేను, నోరు మూసుకుంది నేను, కాపలావాడు కాదు అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"అంటే, నిజంగా మనిషేనాండీ? మేం అదేదో సామెత అనుకున్నామండీ."

"మనిషే బాబూ. ఇదిగో, ఇక్కడే పాక ఉండేది."

"ఎంత మాట పడ్డాడండీ పాపం. ఇకమీద మావాళ్ళనెవర్నీ ఆ మాట అననివ్వను." తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ అడిగాడు. "పేరేంటండీ ఆయనది?"

చెప్పబోయి ఆగిపోయాను. తాతయ్య ఆయన్ని ఒరే అనేవారు. నేను కాపలా తాత అనేదాన్ని. మామ్మ, ఆ కాలపు ఆడవాళ్ళందరిలాగే, మొగుడి పేరు నోటితో అనలేదు. ఆ రోజు జంక్షన్‌లో ఆమె ముందు అంతసేపు కూర్చున్నాను, ఎన్నో అడిగాను, ఇది అడగలేదు.

పదిమందీ నా వైపే చూస్తున్నారు.

"నాకు తెలియదు బాబూ" అన్నాను.